ఊతమాను వ్రత కథ

చేతిలో పూలు, అక్షతలు పట్టుకొని, పిల్లలను దగ్గరకు తీసుకొని, మనసు కుదురుగా నుంచుకొని వినుడు.

మంచు వీడని ఒక ఉదయమున, చెట్టు తొర్రలో తపస్సు చేసికొను కోటరముని, వల్కల మహర్షిని సమీపించి నమస్కరించి యిట్లడిగెను. మహాత్మా, చెట్లు కొట్టి బ్రతుకువారు లోకమున కలరు. వారి పొయ్యి వెలుగవలెనన్న మాను కూలవలెను. అట్టివారు చల్లగా నుండుటకు వ్రతమేదైనను కలదా? అప్పుడు మహర్షి కన్నులు సగము మూసి, దూరపు కొండనేదో చూచుచున్నవానివలె చిరునవ్వు నవ్వి, వనలక్ష్మి నాకు కలలో చెప్పిన కథ యొకటి కలదు, ఆలకింపుమని చెప్పసాగెను.

గోదావరికి ఎగువన, మబ్బులు ఇండ్లలోనికి వచ్చి పోవుచుండు కొండలలో దారబాబు అనువాడు తన భార్య అచ్చియ్యమ్మతో కాపురముండెను. రైతుల తోటలలోని మానులను బేరమాడి కొని, కొట్టి, రోడ్డుకు చేర్చుట వారి వృత్తి. కూలీల దండు లేదు, లారీల వరుస లేదు. ఉన్నదెల్ల దుంగలు ఈడ్చెడి పాత ఇంజనుబండి యొకటి. దాని రంగు ఏదో దానికే జ్ఞాపకము లేదు. ప్రొద్దున లేవగానే ముసలి మామగారివలె చాలసేపు దగ్గి, విసుగుకొని, ఆ పిమ్మటగాని కదలదు. అయినను కదలిన తరువాత దానిని ఆపువాడు లేడు. మంచులో అది కనబడక దాని గురగుర మాత్రమే వినవచ్చుచుండగా, కొండయే నిద్రలో మాటలాడుచున్నదని దారిన పోవువారు అనుకొనెడివారు.

ఆ బండి వెనుక చక్రమువంటి డోలు, దానికి చుట్టిన ఇనుపతాడు ఉండెను. దుంగకు తాడు తగిలించుట అచ్చియ్యమ్మ పని, బండి నడుపుట దారబాబు పని. బండియే బురదలో దిగబడినచో తాడును నిలిచియున్న మానుకు కట్టి డోలు త్రిప్పుదురు. బండి తాడును మ్రింగుచు తనను తానే పైకి లాగుకొనును. అట్లు బలమిచ్చిన చెట్టునకు ఊతమాను అని పేరు. ఊతమానుకు పసుపుగుడ్డ కట్టి, మొదట దీపము పెట్టి, దానిని ఇక కొట్టమని మాట యిచ్చుట ఆ కొండవారి ఆచారము. అచ్చియ్యమ్మ దానిని తప్పక నడుపుచుండెను.

ఒకమారు పని తొందరలో గుడ్డ కట్టుట మరచిరి. మరునాడే బండి మొరాయించెను. ఎందరు మేస్త్రీలు వచ్చినను లేవదాయెను. అచ్చియ్యమ్మ నాలుక కరచుకొని, పరుగున పోయి గుడ్డ కట్టి దీపము పెట్టి వచ్చెను. బండి దగ్గి, లేచి, నడచెను. అంతట బుద్ధి రావలెను గదా! రాలేదు.

వాగు పైనున్న ఏటవాలు తోటలో ఒక మద్దిమాను ఉండెను. వానకాలములలో బండిని ఎన్నియో మారులు అదే గట్టెక్కించెను. పడవలు కట్టించు షావుకారు దానిని చూచి వేరుతోకూడ కావలెనని యడిగెను. అచ్చియ్యమ్మ వలదనెను. దారబాబు నవ్వి, “చెట్టుకి దణ్ణం పెడితే డీజిలు వస్తాదేటే?” అనెను. ఆమె మరల ఎదురాడలేదు. ఇల్లు కురియుచుండెను, క్రొత్త రేకులు ఆమెయు కోరుకొనెను. పసుపుగుడ్డ ఆమె చేతనే విప్పించి, మాను కొట్టి, మొదలంట త్రవ్వి తీసిరి. అచట గొయ్యి మిగిలెను. ఇంటిపై రేకులు మెరసెను.

తరువాత వానలు పట్టెను. గోతిలో నీరు నిలిచి నేల వదులాయెను. ఒక సాయంకాలము, లోకమంతయు పసుపునీటిలో ముంచినట్లు వెలుగుచుండగా, దుంగను ఈడ్చుచున్న బండి ఆ వాలులో జారిపోయి వాగు అంచున ఆగెను. దారబాబు దిగి, ఊతమునకై తాడును దుంగనుండి విప్పెను. విప్పగానే దుంగ బండి ప్రక్కగా క్రిందికి దొర్లి, ముందు చక్రమునకు ఎదురుగానున్న బండరాతికి ఆనుకొనెను. దానినుండి తప్పుకొనబోయి జారిన వాని కాలు, దుంగకును ముందు చక్రమునకును నడుమ చిక్కెను. బండి కొంచెము కొంచెముగా వానిపైకి దిగుచుండెను.

అచ్చియ్యమ్మ తాడు కొన పట్టుకొని పైకి పరుగెత్తెను. కట్టుటకు మాను ఏది? చేయి చాపిన చోట గొయ్యి యుండెను. ఆమె తాడు పట్టుకొని నిలువునా ఏడ్చెను.

అంతట మంచులోనుండి, దుంపల గంప నెత్తిన పెట్టుకొనిన ముసలమ్మ యొకతె వచ్చి, “పెద్దది పోయినా దాని పిల్లలున్నాయి కదే. ఆటిని అడుగు,” అనెను. చూడగా గోతి చుట్టును చేతిమందము మద్దిమొక్కలు గుంపుగా నిలిచియుండెను. తల్లిని చంపినదానను ఏ ముఖముతో అడుగుదునని ఆమె సిగ్గుతో కుమిలిపోయెను. అయినను అడిగెను. ఒక్కొక్క మొక్కను తాకి, “నీ అమ్మని అమ్ముకున్నాం తల్లీ. తప్పే. నా మనిషిని వదిలెయ్యకు,” అనుచు తాడును అన్నిటినడుమ అల్లి బిగించెను. తలయెత్తునప్పటికి ముసలమ్మ లేదు.

ఆమె బండి యెక్కి మీట లాగెను. తాడు బిగిసెను. మొక్కలు నేలకు వంగెను, వాటినుండి ఆకులు రాలెను, కాని వేరు వదలలేదు. బండి జానెడు జానెడుగా వెనుకకు ప్రాకెను. దారబాబు కాలు ఊడివచ్చెను. వాడు బ్రతికెను. కుంటు మాత్రము వానితోనే నిలిచిపోయెను.

కాలు కుదిరిన పిమ్మట, ఆ ముసలమ్మ వనలక్ష్మియే యని తలచి, ఇద్దరును అచట వ్రతము చేసిరి. వంగిన మొక్కలకు కఱ్ఱలు పాతి నిలిపిరి. గొయ్యి పూడ్చి, మద్దిగింజలు చల్లి, చుట్టును దీపములు పెట్టిరి. తనకు ఊతమిచ్చినవారి పేరు పైకి చెప్పి పూవు వేయుట ఈ వ్రతమునందు ముఖ్యము. దారబాబు పూవు పట్టుకొని మొక్కల వైపుకాక భార్య వైపు తిరిగెను. “అచ్చియ్యమ్మ,” అనెను. ఆమె, “చెట్టు పేరు చెప్పవయ్యా, నవ్వుతారు,” అని కసరుకొనెను. వాడు వినక మరల ఆ పేరే చెప్పి, పూవును ఆమె పాదములచెంత ఉంచెను. ఆమె కొంగుతో ముఖము కప్పుకొనెను. ఆ యేడు మొదలు వారికి పని తప్పలేదు, బండి తిరుగబడలేదు, వాలులో మద్దితోపు లేచెను.

కోటరమునీ, మాను కొట్టువారు, బండి నడుపువారు, పడవ కట్టువారు, మంచము చేయువారు ఈ వ్రతము చేయవలెను. ఎవరినైన పట్టుకొని గట్టెక్కినవారందరును చేయవలెను. చేసినవారి పనిముట్టు మొరాయింపదు, పనికి పోయినవారు చీకటి పడకముందే ఇల్లు చేరుదురు, అని వల్కల మహర్షి చెప్పి మంచులో కలిసిపోయెను.

విన్నవారు లేవకముందే తమకు ఊతమిచ్చినవారి పేరు చెప్పి పూవు వేయుడు. వారు ఈ గదిలోనే యున్నచో, వారికి వినబడునట్లు చెప్పుడు.