మేకపోతు గడ్డంలో తవుడు

ఓబులేసు కొట్టంలో రెండెద్దులూ, ఒక మేకపోతూ ఉండేవి. పెద్దెద్దు బూదడు పెట్టింది తిని, చెప్పింది చేసి, మిగిలిన వేళంతా నెమరు వేసుకునేవాడు. కుర్రెద్దు మైలడు పని చేస్తూనే ఉడికిపోయేవాడు. మేకపోతు పనేమీ చెయ్యదు. దానికి గడ్డం ఉంది, అది చాలు.

మైలడి కోపమంతా చిక్కం మీద. కంది చేలో సాళ్ళ మధ్య కలుపు తీసే గుంటక లాగేటప్పుడు, పైరు కొరకకుండా ఓబులేసు ఎద్దుల మూతులకు తాళ్ళతో అల్లిన చిక్కాలు కట్టేవాడు. ముక్కు కింద లేత కంది, మూతి మీద తాళ్ళబుట్ట.

“ఇదేం న్యాయం మామా? ఈ చేను దున్నింది మనం. మన మూతికే కట్టా? మనమేమన్నా దొంగలమా?”

“నిన్న చిక్కం జారితే నాలుగు మొక్కలు కొరికిందెవరబ్బీ?” అన్నాడు బూదడు.

“అది వేరే సంగతి.”

కొట్టం మొండిగోడ మీంచి మేకపోతు గొంతు సవరించుకుంది. “నాయనా మైలా, నిన్ను అవమానిస్తోంది చిక్కం కాదు, నీ నాలుక. నాలుకను గెలిచినవాడికి చిక్కంతో పనేముంది? నీ నిగ్రహం చూస్తే యజమానే సిగ్గుపడి విప్పేస్తాడు.”

“గెలవడమెలా స్వామీ?”

“మధ్యాహ్నం తవుడు చల్లిన ఉలవలు పెడతారుగా, ముట్టుకోకు. కళ్ళు మూసుకుని, నీ ఆలోచన ఎటు పోతోందో చూస్తూ కూర్చో.”

“మరి సాయంత్రం?”

“సాయంత్రం కూడా అదే చూడు.”

బూదడు నెమరు ఆపాడు. “ఎద్దుకు ఉపవాసమేంట్రా అబ్బీ?”

“ఇలాంటివి నీకు అర్థం కావులే మామా,” అన్నాడు మైలడు జాలిగా.

మైలణ్ణి చూసి నవ్వే అర్హత ఈ కథ చెప్పేవాడికి లేదు. కార్తీక సోమవారం ఉపవాసమని వీధంతా చెప్పుకుని, పది గంటలకే ఇడ్లీ బండి చాటున దొరికిపోయిన ఘనుడతను. మైలడే నయం, అన్న మాట మీద నిలబడ్డాడు. మూడు రోజులు ఆకలేసింది. నాలుగో రోజు నుంచి గర్వమేసింది. తొమ్మిదో రోజు పొద్దున సాలు మధ్యలో ముందుకాళ్ళు మడుచుకుని కూలబడ్డాడు.

ఓబులేసు వాడి డొక్కలు తడిమి చూసి పెళ్ళాంతో అన్నాడు. “తొట్టి రోజూ ఖాళీ అవుతోంది సుంకమ్మా. అన్ని ఉలవలు తిని కూడా ఎముకలు తేలాయంటే లోపలేదో రోగం. గురువారం సంతకు తోలేస్తా.”

నడవలేని ఎద్దును సంతలో కొనేది ఎవరో, కొని ఏం చేస్తారో కొట్టంలో తెలియనివాళ్ళు లేరు.

కొట్టానికి చేరాక మైలడు బూదడి వైపు తిరిగాడు. “తొట్టి ఖాళీ అవుతోందా? నేను ముట్టనే లేదే.”

“గొర్రె కసాయివాణ్ణి నమ్మినట్టు నమ్మావు. నా మాట విన్నావా?” అన్నాడు బూదడు. “ఈ మధ్యాహ్నం రెండు కళ్ళూ మూయకు, ఒకటి మూస్తే చాలు.”

మైలడు ఒక కన్నే మూశాడు. మేకపోతు గోడ దిగింది, ముందుకాళ్ళు రెండూ తొట్టిలో పెట్టింది. “ఆశను చంపుకో నాయనా,” అని ఒక బుక్క నమిలింది. “కోరికను కాల్చెయ్యి,” అని ఇంకో బుక్క నమిలింది. తల ఎత్తేసరికి గడ్డం కొస దాకా తవుడు.

మైలడి నెత్తురు కొమ్ముల్లోకి ఎక్కింది. తొమ్మిది రోజులు తన ఆకలికి తనే కాపలా కాసి దొంగకు వడ్డించాడన్నమాట. పొడవడానికి తల వంచాడు.

బూదడు తోకతో చరిచాడు. “పొడిచావంటే ఓబులేసు గురువారం దాకా కూడా ఆగడు. పొడిచే గొడ్డని ఇవాళే తోలేస్తాడు.”

“అయితే నోరు మూసుకుని చావమంటావా?”

“నోరు సంగతి నేననలేదు, కొమ్ము ఆపమన్నాను. అక్కర్లేని చోట తొమ్మిది రోజులు చూపించావే నిగ్రహం, అక్కరకొచ్చిన చోట ఒక్క పూట చూపించు.”

మైలడు వంచిన తల ఎత్తాడు. తొమ్మిది రోజుల ఆకలీ ఒక ఎత్తు, ఆ ఎత్తడం ఒక ఎత్తు. ఆనక గొంతులో తేనె పోసుకుని పిలిచాడు.

“స్వామీ, నాలుకను గెలిచాను. గుంజకు వేలాడే ఆ చిక్కాన్ని తమరొక్కసారి ధరించి ఇస్తే, నాకది ఆభరణమవుతుంది. తమర్ని చూద్దామని కోళ్ళు కూడా వచ్చాయి.”

కోళ్ళు వచ్చింది కిందపడ్డ ఉలవల కోసం. కానీ చూసేవాళ్ళున్నారంటే మేకపోతు తాటిచెట్టయినా ఎక్కేస్తుంది. “అంతగా అడిగితే కాదనలేం,” అంటూ చిక్కంలో మొహం పెట్టింది. బూదడు కొమ్ముతో తాడు ఎత్తి, దాని కొమ్ముల వెనక్కి జార్చాడు.

“భలే అమరింది స్వామీ,” అని మైలడు తొట్టిలో మూతి పెట్టాడు.

“ఒరే, విప్పరా. ఉలవలు అయిపోతున్నాయి.”

“కళ్ళు మూసుకోండి స్వామీ. ఆలోచన ఎటు పోతోందో చూడండి.”

“ఎటూ పోవట్లేదురా, ఆ తొట్టిలోనే ఉంది.”

ఆ అరుపులకు ఓబులేసూ సుంకమ్మా వచ్చారు. చిక్కం సందుల్లోంచి తవుడు గడ్డం, దాని కింద డోలులాంటి పొట్ట. పక్కనే కరువులోంచి వచ్చినవాడిలా తొట్టి నాకుతున్న ఎద్దు.

“నీ ఎద్దు రోగం దొరికింది చూడు, గడ్డంతో సహా,” అంది సుంకమ్మ.

గురువారం ఓబులేసు సంతకు వెళ్ళాడు. వెంట వెళ్ళింది మైలడు కాదు.

మళ్ళీ గుంటక కట్టిన రోజు మైలడు తనే మూతి చాపాడు. బూదడు వింతగా చూశాడు. “కోపం రావట్లేదా అబ్బీ?”

“వస్తుంది మామా. కానీ ఓబులేసు నా మూతికి కట్టాడు, పొద్దుగూకితే విప్పుతాడు. ఆ మేకపోతు నా బుర్రకు కట్టింది. దాన్ని నేనే విప్పుకోవాల్సొచ్చింది.”

నీతి: ఆకలి చంపుకోమన్నవాడికి దణ్ణం పెట్టేముందు, వాడి గడ్డం ఒకసారి దులిపి చూడాలి.