మూడుదారుల దగ్గర వేడినీళ్ళు

విశాలాక్షమ్మగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులెవరైనా సందేహం అడిగితే ఆవిడ నోటితో జవాబు చెప్పేవారు కాదు, చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. వైరాగ్యం అంటే ఏమిటని అడిగిన ఒకాయన చేత ఓసారి నాలుగు రోజులపాటు చిక్కుడుపాదుకు పందిరి వేయించారు. ఆయనకు సంగతి బోధపడిందో లేదో తెలియదు గానీ, ఆ పాదు విరగకాయడంతో చిక్కుడుకాయ మీద మాత్రం ఆశ్రమంలో అందరికీ వైరాగ్యం పుట్టింది.

ఆశ్రమం అంటే పెద్దదేమీ కాదు. విశాఖ మన్యంలో గుర్రాలమెట్ట అనే కొండ మీద, నరసింహస్వామి కోవెల పక్కన, నాలుగు పెంకుటిళ్ళు. అక్కడ ఉండే ఏడెనిమిది మందిలో భూషణం ఒకడు. అనకాపల్లిలో ఓ బడిలో డ్రాయింగు మాస్టారుగా పనిచేసి, నలభై దాటాక ఉద్యోగం మానేసి, ఐదేళ్ళ క్రితం ఇక్కడికి వచ్చేశాడు. చదువు కోసం వచ్చానని చెప్పేవాడు. సగం మాత్రం చలి కోసం వచ్చాడు.

చలికాలమంటే భూషణానికి ప్రాణం. మార్గశిరం వచ్చిందంటే తెల్లవారుజామునే లేచి, గొంగళి కప్పుకుని కోవెల వెనకాల బండ మీద కూర్చునేవాడు. కింద లోయ నిండా పాలు పొంగినట్టు మంచు. సాలెగూళ్ళ మీద వరసగా నీటి బొట్లు. పిట్ట కూడా పలకని ఆ నిశ్శబ్దంలో తన ఊపిరి ఆవిరై కనిపిస్తుంటే అతనికి ఈ లోకంతో ఏ పేచీ ఉండేది కాదు. 

పేచీ అంతా ముక్కోటి ఏకాదశితో వచ్చేది. పండుగ వారం ఉందనగా చెట్లకు మైకులు ఎక్కేవి. పందిళ్ళు, తోరణాలు, గంగాళాలకొద్దీ పులిహోర, ఎక్కడెక్కడి నుంచో జనం. వచ్చినవాళ్ళు ఊరుకోరు. "ఏం మాస్టారూ, అలా ఉన్నారేం? పండుగపూట నవ్వండి," అనేవారు. నవ్వమన్న కొద్దీ భూషణం ముఖం ముడుచుకుపోయేది. ఏటా ఆ రెండు రోజులూ తలనొప్పి అని చెప్పి తలుపు వేసుకునేవాడు. తలుపు లోపల మాత్రం సుఖంగా ఉండేవాడు కాదు. పదిమంది సంతోషంగా ఉంటే ఓర్వలేని గుణం తనలో ఏదో ఉందనీ, అలాంటివాడికి ఆశ్రమంలో చోటు దండగనీ అనిపించేది.

ఆ ఏడు ఇక ఉండబట్టలేక, ముక్కోటికి రెండు రోజుల ముందు విశాలాక్షమ్మగారి దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మగారూ, చలికాలాన్ని నా అంతగా ప్రేమించేవాడు ఈ కొండమీద లేడు. కానీ అది వెంట తెచ్చే పండుగను చూస్తే పారిపోవాలనిపిస్తుంది. ఇది దోషమా? దోషమైతే చెప్పండి, నేనే వెళ్ళిపోతాను."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి నవ్వారు. "పారిపోవాలని ఉంటే పారిపో, ఎవరొద్దన్నారు? ముక్కోటినాడు కోవెల ఛాయలకే రావద్దు. సగం కొండ దిగితే మూడుదారుల దగ్గర పాక ఉంది. తెల్లవారకముందే వెళ్ళి గంగాళంలో నీళ్ళు కాస్తూ కూర్చో. నడిచొచ్చేవాళ్ళు కాళ్ళూ చేతులూ కడుక్కుంటారు. పొద్దెక్కాక తిరిగి రా."

భూషణానికి అంతకంటే కావలసిందేముంది? ఏకాదశినాడు అందరికంటే ముందే లేచి పాకకు చేరాడు. రెండు కొండల మీదనుంచి వచ్చే కాలిబాటలు అక్కడ కలిసి, ఒక్క దారై కోవెలకు ఎక్కుతాయి. పొయ్యి రాజేసి, ఇత్తడి గంగాళం నిండా నీళ్ళు పోసి, గొంగళి సర్దుకుని కూర్చున్నాడు. అన్నేళ్ళలో అంత దట్టమైన మంచు అతనెన్నడూ చూడలేదు. చేయి చాపితే వేళ్ళు కనిపించడం లేదు. పైనుంచి మైకులో భజన పాటలు వినిపిస్తూనే ఉన్నా, సర్లే అనుకున్నాడు.

జనం ఒక్కొక్కరే మంచులోంచి ఊడిపడ్డట్టు వచ్చి, వేడినీళ్ళతో కాళ్ళు కడుక్కుని, "సల్లగా ఉండు బాబూ," అని దీవించి పైకి వెళ్తున్నారు. అంత చలిలో సల్లగా ఉండమనడం భూషణానికి ముచ్చటేసింది. వాళ్ళలో ఒక ముసలమ్మ మాత్రం కాళ్ళు కడుక్కుని కూడా కదలలేదు. పొయ్యి పక్కన చతికిలబడి రెండో కాలిబాట కేసి చూస్తూ కూర్చుంది.

"వెళ్ళవా అవ్వా? సూర్యోదయానికి ఉత్తర ద్వారం తీస్తారు. దర్శనం దాటిపోతుంది," అన్నాడు భూషణం.

"సామి ఎక్కడికెల్తాడు బాబూ, కొండమీదే ఉంటాడు. నాను మా సెల్లి కోసం సూస్తన్నాను," అంది ముసలమ్మ.

ఆమె పేరు అచ్చియ్యమ్మ. చెల్లెలి పేరు గవిరమ్మ. ఈ పక్క కొండమీద ఒకరినీ, ఆ పక్క కొండమీద ఒకరినీ ఇచ్చారు. మధ్యలో లోయ. డెబ్భై దాటిన కాళ్ళకు ఆ లోయ మాటిమాటికీ దిగి ఎక్కడం అయ్యే పని కాదు. అందుకని ఏడాదికి ఒక్కసారి, ముక్కోటినాడు, ఈ మూడుదారుల దగ్గర కలుసుకుంటారట.

"దానికి సలంటే మా సెడ్డ బయం బాబూ. కీల్లు పట్టేస్తాయి. ఈ నెల్లో గుమ్మం దాటదు. ఈ ఒక్క పొద్దూ మటుకు వస్తాది," అంది అచ్చియ్యమ్మ.

అంతలో కొండమీద కరెంటు పోయింది. పాట సగంలో తెగిపోయి మైకు మూగబోయింది. ఒక్కసారిగా కమ్ముకున్న ఆ నిశ్శబ్దానికి భూషణం కళ్ళు మూసుకున్నాడు. తన మొర స్వామి ఆలకించినట్టే ఉంది. కళ్ళు తెరిచేసరికి అచ్చియ్యమ్మ లేచి నిలబడి ఉంది.

"మైకు ఆగిపోనాదేటి బాబూ! దానికి సూపు ఆనదు. ఆ పాట ఇనుకునే దారి ఎతుక్కుంటాది. కింద ఏటి గెడ్డ కాడ దారి సీలిపోతాది. ఒకటి ఇటొస్తాది, ఒకటి లోయలోకి ఎల్తాది..."

భూషణం బాట మీదికి పరుగెత్తి, "గవిరమ్మా!" అని కేకేశాడు. ఆ కేక పది బారలు కూడా పోలేదు, మంచు మింగేసింది. కళ్ళు చికిలించి చూశాడు. తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. ఐదేళ్ళుగా ఏ మంచు కోసం చీకటితో లేచి కూర్చునేవాడో ఆ మంచును, పోవే, కాస్త పక్కకు పోవే అని అతను మొట్టమొదటిసారి బతిమాలుకున్నాడు. అది కదల్లేదు.

వెనక్కి వచ్చాడు. ఏం చేయాలో తోచక గరిటెతో గంగాళం మీద కొట్టాడు. నీళ్ళున్న గంగాళం మోగదు, మొద్దుగా చప్పుడైంది. అంతసేపూ కాచిన నీళ్ళను గొంగళి అంచుతో పట్టుకుని నేల మీద కుమ్మరించేశాడు. ఖాళీ గంగాళాన్ని పాక వాసానికి తాడుతో వేలాడదీసి ఇనుప గరిటెతో బలంగా ఒక్కటిచ్చాడు. కొండ అదిరింది.

కొడుతూ ఉంటే చప్పుడు ఒక్కటే చాలదనిపించింది. అడవిలో కట్టెలు కొట్టేవాళ్ళ చప్పుడనుకుంటుందేమో ఆ ముసలావిడ. ఇది ముక్కోటి చప్పుడని ఆమెకు తెలియాలి. భూషణం గొంతెత్తి భజన పాట అందుకున్నాడు. ఏటా చెవులు మూసుకుని ఏవగించుకున్న ఆ పాటలన్నీ తనకు ఒక్క అక్షరం పోకుండా వచ్చునని అతనికి అప్పుడే తెలిసింది. గొంతు మాత్రం ఘోరంగా ఉంది. దారిన వచ్చేవాళ్ళు ఇక్కడేదో భజన జరుగుతోందనుకుని ఆగారు. ఒకాయన జోలెలోంచి తాళాలు తీశాడు. ఇద్దరు ఆడవాళ్ళు చప్పట్లు అందుకున్నారు. విషయం తెలిశాక అందరూ ఇంకా గట్టిగా పాడారు. పండుగ నుంచి పారిపోయి వచ్చిన భూషణం చెమటలు కక్కుతూ ఆ గుంపు నడుమ నిలబడి, "ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా!" అని అరుస్తున్నాడు.

ఎంతసేపు పాడారో తెలియదు. కాలిబాట మీదనుంచి కాదు, పక్కనున్న తుప్పల్లోంచి ముందు ఒక కర్ర వచ్చింది. ఆ వెనక, తల చుట్టూ దుప్పటి చుట్టుకుని, మోకాళ్ళదాకా మంచుకు తడిసిన చీరతో ఒక బక్కపలచటి ముసలావిడ వచ్చింది.

"ఎవుడ్రా అది, సెవులు సిల్లులు పడీలాగ! గెడ్డలోకి ఎల్లిపోతన్నదాన్ని మెట్ట ఎక్కించీసినారు," అంది పళ్ళు టకటకలాడుతుండగా.

అచ్చియ్యమ్మ గబగబా ఎదురెళ్ళింది. ఏడుస్తుందేమో అనుకున్నాడు భూషణం. ఆమె చెల్లెలి భుజం మీద చిన్న దెబ్బ వేసింది. "ఇంత ఆలీసమేటే? ఇక్కడ నా పానాలు పోతన్నాయి," అంది.

"నీకేటే, దగ్గిర దారి నీది," అంది గవిరమ్మ. అని, అక్క చెంగు పట్టుకుని వదల్లేదు.

భూషణం మళ్ళీ నీళ్ళు కాచాడు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే చెంబులో చేతులు పెట్టుకుని, ఒక్క ఏడాదిలో పుట్టినవాళ్ళనూ పోయినవాళ్ళనూ చెప్పుకున్నారు. ఉత్తర ద్వారం తీసిన గంట వినిపించింది. ఇద్దరిలో ఎవరూ తొందరపడలేదు. ఎండ పొడ వచ్చాక ఒకరి చేయి ఒకరు పట్టుకుని, వాదించుకుంటూ పైకి ఎక్కారు.

భూషణం ఆశ్రమానికి తిరిగి వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. కరెంటు వచ్చింది, మైకు మళ్ళీ అందుకుంది. అరుగు మీద విశాలాక్షమ్మగారు అనపకాయలు ఒలుస్తున్నారు. అతను పక్కన కూర్చుని, తానూ కొన్ని కాయలు తీసుకుని ఒలుస్తూ, బొంగురుపోయిన గొంతుతో జరిగిందంతా చెప్పాడు. ఆవిడ కాయలు ఒలుస్తూనే విన్నారు.

"అయితే పండుగ బాగుందన్నమాట," అన్నారు చివరికి.

భూషణం మైకు కట్టిన చెట్టు కేసి చూశాడు. ఆవిడ దగ్గర అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"లేదు అమ్మగారూ. ఆ మైకు వింటే ఇప్పటికీ పారిపోవాలనే ఉంది. పండుగ నాకింకా నచ్చలేదు."

విశాలాక్షమ్మగారు ఒలిచిన గింజలు చేటలోకి వంపారు.

"నచ్చకపోతే ఏమైంది నాయనా? గవిరమ్మకు చలి నచ్చిందా?"