రాతిపన్నుది యా ఊరు?

నాగలింగానికి ఆ ఎండాకాలం వచ్చిన చిక్కు ఒక్కటే. గవి ముందరి ఊట సగానికి పడిపోయింది. తాగే నోళ్ళు మాత్రం రోజురోజుకీ పెరుగుతున్నాయి.

గవి అంటే కొండగుహ. అందులో గవిసామి అనే ముసలి సాధువు ఉండేవాడు. నాగలింగం ఆయన శిష్యుడు. ఆ గుహ నేలలో ఎక్కడ తవ్వినా ఎముకలే, అవీ ఎప్పుడో రాళ్ళైపోయిన ఎముకలు. గవిసామి వయసులో ఉండగా ఉత్తరాది అడవులన్నీ తిరిగి వచ్చినవాడు. ఏ పన్ను ఏ జంతువుదో చేత్తో తడిమి చెప్పేవాడు. ఆ విద్య శిష్యుడికీ నేర్పాడు.

నేర్చుకున్నాక మనవాణ్ణి పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు! కొండెక్కి వచ్చినవాళ్ళనల్లా కూర్చోబెట్టి, పిడికెడంత రాతిపన్ను ఒకటి చేతిలో పట్టుకుని మొదలుపెట్టేవాడు.

“ఇది ఖడ్గమృగం పన్ను. ఎట్లా అరిగిందో చూడండి. గడ్డి మేసీ మేసీ అరిగింది. ఈ రాళ్ళగుట్టల్లో అంత గడ్డి ఏది? అంటే ఒకప్పుడు ఇక్కడ మడుగులు ఉండేవి. ఆ నీళ్ళ వెంట ఎక్కడినుంచో నడిచొచ్చాయి ఇవి. కింది మట్టిలో ఇన్ని పళ్ళున్నాయా, పై మట్టిలో ఒక్కటీ లేదు. నీళ్ళు తగ్గాయి, ఇవి మళ్ళీ నడిచిపోయాయి.”

విన్నవాళ్ళు నోరెళ్ళబెట్టేవాళ్ళు. గవిసామి ఒక మూల కూర్చుని తన చిరిగిన కంబళి కుట్టుకుంటూ ఉండేవాడు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. కొండ కింది ఊరివాళ్ళు ఊట చుట్టూ ముళ్ళకంప వేసి, కాపలాకి నాగలింగాన్ని నిలబెట్టారు. అతను పుట్టి పెరిగింది ఆ ఊళ్ళోనే మరి. కంప దగ్గరికి ఎవరొచ్చినా ఒకటే ప్రశ్న వేసేవాడు.

“యా ఊరు మీది?”

తన ఊరైతే కంప జరిపేవాడు. కాకపోతే కర్ర ఎత్తేవాడు. గవిసామి అదంతా చూస్తూనే ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం, నిప్పులు చెరిగే ఎండలో గొర్రెల మంద ఒకటి కొండెక్కింది. మందకి పెద్దదిక్కు ఓబక్క అనే నడివయసు మనిషి. ఆమె భుజం మీద గొర్రెపిల్ల తల వేలాడేసి ఉంది.

“యా ఊరు మీది?” అన్నాడు నాగలింగం.

“మాకు ఊరేముంది నాయనా, మంద యాడుంటే అదే మా ఊరు. ఆ కొండల అవతల నుంచి నడిచొస్తాండాం. జీవాలు తట్టుకోలేవు. గుక్కెడు గుక్కెడు తాగనీ.”

“మా ఊరి గొడ్లకే చాలడం లేదు. కదులు.”

“యాడికని కదిలేది? ఇంకొంచెం దూరం తోలితే దారి పొడుగునా పీనుగులే.”

నాగలింగం ఈల వేశాడు. ఊరి మగవాళ్ళు కర్రలు పట్టుకుని పరుగున కొండెక్కారు. మందవాళ్ళు భుజాల మీది గొడ్డళ్ళు చేతుల్లోకి తీసుకున్నారు. మధ్యలో గొర్రెలు నీళ్ళ వాసన పట్టి కంప మీదికి తోసుకుంటున్నాయి, ముళ్ళు గుచ్చుకుని అరుస్తున్నాయి. ఎవరి చెయ్యి ముందు లేచినా తలలు పగలడం ఖాయం. అయినా నాగలింగం కర్ర దించలేదు. ఇవాళ దించితే రేపు తన తల్లి ఆవుకి నీళ్ళుండవు.

అప్పుడు గవిసామి గుహలోంచి బయటికొచ్చాడు. తిన్నగా నడిచి, రెండు గుంపుల నడుమ దూరి, కంప పక్కన నేల మీద రాతిపన్ను పెట్టాడు. దాని పక్కనే చతికిలబడ్డాడు.

“ఏంది సామీ ఇది?” అన్నాడు నాగలింగం.

“అందరికంటే ముందొచ్చింది ఇదే నాయనా. దీని వంతు కానీ. అడుగు.”

“ఏమని అడగాలి?”

“రోజూ అడిగేదే.”

నాగలింగం నోరు తెరిచాడు. ‘యా ఊరు’ అనబోయి ఆగిపోయాడు. జవాబు తనకి తెలుసు. ఎంతమందిని కూర్చోబెట్టి ఎన్నిసార్లు చెప్పాడో! అతనికి తల కొట్టేసినట్టయింది.

ఓబక్క భుజం మీద పిల్ల సన్నగా అరిచింది. నాగలింగం కర్ర అవతల పడేసి, ఒట్టి చేతులతో కంప పట్టి లాగాడు. అరచేతుల్లో ముళ్ళు దిగాయి.

“నీ తల్లి ఆవు చచ్చిననాడు తెలుస్తాది రా నీకు!” అని ఊరిపెద్ద చిన్నపరెడ్డి పళ్ళు నూరాడు. కానీ గవిసామి ఆ సందులోనే కూర్చుని ఉన్నాడు. ఆయన్ని దాటి కర్ర ఎత్తడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

జీవాలు తాగాయి. పిల్ల బతికింది. మంద తేరుకునేదాకా కొండ కిందే దిగింది.

చిన్నపరెడ్డి భయమూ ఉత్తది కాదు. కొన్నాళ్ళకే ఊట బురదైంది. మంద తాగినా తాగకపోయినా ఎండే ఊటే అది. కానీ ఊళ్ళో ఆ మాట ఎవరు ఒప్పుకుంటారు? కనిపించిన ప్రతివాడూ నాగలింగాన్ని తిట్టాడు. అతను తలొంచుకుని అన్నీ పడ్డాడు. చివరికి తిట్టే ఓపిక కూడా లేక, ఊరు ఊరంతా గొడ్లను విప్పుకుని బయలుదేరింది. నీళ్ళ దారి తెలిసింది ఓబక్కకే. ఆమె ముందు నడిచింది. చిన్నపరెడ్డి ఆమె వెనకే నడిచాడు. గవిసామి కూడా జోలె తగిలించుకుని వచ్చాడు.

ఏటి మడుగు కనబడేసరికి అందరికీ ప్రాణం లేచొచ్చింది. దగ్గరికి పోయి చూస్తే మడుగు చుట్టూ ముళ్ళకంప వేసి ఉంది. కంప వెనక మనుషులు కర్రలతో నిలబడి ఉన్నారు. వాళ్ళలోంచి నాగలింగం ఈడువాడు ఒకడు ముందుకొచ్చాడు.

“ఆడనే ఆగండి. యా ఊరు మీది?”

నాగలింగం వెనక తల్లి ఆవు రొప్పుతోంది. అతను గురువు వైపు చూశాడు.

గవిసామి జోలెలో చెయ్యి పెట్టి, రాతిపన్ను తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు.

“చెప్పు నాయనా. నువ్వు బాగా చెబుతావుగా.”