లాప్‌టాపు గుర్తుపట్టని చుట్టం

విజయనగరంలో బస్సెక్కితే, కండక్టరు చిల్లర ఇచ్చేలోపు వచ్చేసే ఊరొకటుంది. ఆ ఊళ్ళో కోటిలింగం ఇల్లెక్కడని ఎవర్నీ అడగక్కర్లేదు. గుమ్మం మీద ఇంత పొడుగు బోర్డు కనిపిస్తుంది: "ఇచ్చట తెలివైన సలహాలు ఉచితముగా ఇవ్వబడును. తలుపు కొట్టుడు."

ఆ ఇంట్లో నలుగురుంటారు. కోటిలింగం, భార్య వరహాలమ్మ, తమ్ముడు సింహాద్రి, తల్లి పైడమ్మ. తెలివంటే తమదేనని నలుగురికీ గట్టి నమ్మకం. చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడమే తెలివి, దానికి ముందూ వెనకా ఆలోచించేవాళ్ళంతా బుర్రతక్కువ వాళ్ళు అని కోటిలింగం సిద్ధాంతం. ఒకసారి కరెంటాయన వచ్చి, తడి చేత్తో స్విచ్చి ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళాడు. వానాకాలంలో చెయ్యి పూర్తిగా ఎక్కడ ఆరుతుంది? అంతే, కార్తీకం వచ్చేదాకా ఆ ఇంట్లో లైటు వెలగలేదు. చీకట్లో ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ కూడా, "మనంత జాగర్త ఈ ఊర్లో ఎవులికుంది?" అని మురిసిపోయారు.

అలాంటి ఇంటికి ఓ కష్టం వచ్చింది. వరహాలమ్మ తల్లి సన్యాసమ్మ పోయి చాలా కాలమైంది. ఆవిడ గొంతు మిగిలింది ఒక్క చోటే, వరహాలమ్మ పెళ్ళి వీడియో డిస్కులో. అందులో ఆవిడ మంగళహారతి పాడుతుంది. ఇంట్లో ఉన్న ప్లేయరులో బల్లి దూరి, బల్లీ ప్లేయరూ కలిసే పోయాయి. అప్పట్నుంచి వరహాలమ్మ అప్పుడప్పుడూ ఆ డిస్కుని చెవి దగ్గర పెట్టుకుని వినబడుతుందేమోనని చూసేది. అది కోటిలింగం చూడలేకపోయేవాడు. పెళ్ళామంటే అతనికి ప్రాణం. అందుకే ఆ ఏడు పెళ్ళిరోజు పొద్దున్నే అందరి ముందూ మాటిచ్చేశాడు.

"వరాలూ, దీపాలెట్టే యేలకి మీ అమ్మ గొంతు నీ సెవిన పడకపోతే, ఆ బోర్డు పీకి పొయ్యిలో ఎట్టేత్తాను. నాకు తెలివి లేదని నానే దండోరా ఏయించుకుంతాను."

"అంత మాటెందుకు మావా?" అంది వరహాలమ్మ. కానీ కళ్ళు మాత్రం మెరిశాయి.

ఇంకేముంది, కోటిలింగం పట్నం పరిగెత్తాడు. గణపతిరావు గారి కంప్యూటర్ల కొట్లో, డిస్కులు ఆడించే డ్రైవు ఒకటి కొన్నాడు. సింహాద్రి దగ్గర లాప్‌టాపు ఉంది. దాని కన్నం సన్నం, డ్రైవు తీగ మూతి వెడల్పు. రెండూ కలవవు. అందుకని గణపతిరావు మధ్యలో పెట్టడానికి బొటనవేలంత అడాప్టరు కూడా ఇచ్చాడు. "అనుమానమొస్తే ఫోన్ చెయ్యండి," అన్నాడు. పాపం, ఆ ముక్క ఒక్కటీ అనకుండా ఉండాల్సింది.

ఇంటికొచ్చి గుచ్చారు. డ్రైవు బుర్రుమంది, దాని దీపం మిణుకుమంది, ఆగిపోయింది. లాప్‌టాపులో ఏమీ రాలేదు. కోటిలింగం ఫోన్ కొట్టాడు.

"కొత్తది కదండీ, లాప్‌టాపు డ్రైవుని గుర్తుపట్టట్లేదు," అన్నాడు గణపతిరావు. "ఓసారి మీరు..."

"అర్తమైపోనాది!" అని కోటిలింగం ఫోన్ పెట్టేశాడు. తెలివైనవాడికి మాట చివరిదాకా వినాల్సిన ఖర్మేమిటి?

"తప్పు మనదే," అన్నాడు ఇంట్లోవాళ్ళతో. "కొత్త సుట్టం ఇంటికొత్తే, ఎవులో ఏటో సెప్పకుండా తీసుకెల్లి పక్కన కూకోబెట్టేసినాం. ఎలగ గుర్తుపడతాది?"

అంతే. వరహాలమ్మ రెండిటికీ బొట్టు పెట్టింది. పైడమ్మ మంచం మీద కూర్చునే వరసలు కలిపింది.

"ఒలే లాప్‌టాపూ, ఇది విజీనారం గణపతిరావు కొట్టు తాలూకు. మీరిద్దరూ కరెంటు తినీవోలే. వరసకి నీకు సెల్లెలవుతాది."

"సెల్లెలేటమ్మా?" అన్నాడు సింహాద్రి. "ఆ బుర్రుమనడం సూసినావా? మగోడు. తమ్ముడవుతాడు."

దాని మీద ఇల్లు ఎగిరిపోయేంత గొడవైంది. చివరికి మేనత్త కొడుకని రాజీకొచ్చి మళ్ళీ గుచ్చారు. మళ్ళీ బుర్రుమని ఆగిపోయింది. సింహాద్రికి అడాప్టరు మీద అనుమానం వచ్చింది. "మజ్జిలో ఈ బుడ్డోడున్నాడు సూడన్నియ్యా, ఈడే అక్కడి మాట ఇక్కడ ఎయ్యకుండా మింగేత్తన్నాడు," అని దాన్ని పట్టుకుని నాలుగు చివాట్లు పెట్టాడు. అడాప్టరు కిక్కురుమనలేదు. "సూసినావా, తప్పు ఒప్పేసుకున్నాడు," అన్నాడు కోటిలింగం.

మళ్ళీ ఫోన్.

"లాప్‌టాపుకి ఇంకేమైనా పెట్టి ఉన్నాయేమో చూడండి," అన్నాడు గణపతిరావు. "అన్నీ తీసెయ్యండి. లాప్‌టాపూ, అడాప్టరూ, డ్రైవూ. ఆ మూడు తప్ప ఇంకేమీ ఉండకూడదు."

ఇంకేముంది, మొదలెట్టారు. మంచాలు, బిందెలు, బియ్యం డ్రమ్ము, దేవుడి పటాలు, గోడ గడియారం, అన్నీ వీధిలోకి వచ్చాయి. పైడమ్మ మంచం దిగనంది. మంచంతో సహా మోసుకొచ్చి వీధిలో దించారు. పక్కింటి రమణమ్మ పరుగున వచ్చింది.

"ఇల్లు ఖాళీ సేసేత్తన్నారేటి? మా సెల్లెలు ఇల్లు కోసం ఎతుకుతోంది. అద్దెంత?"

"అడ్డు లెగవమ్మా," అన్నాడు కోటిలింగం చెమటలు కక్కుతూ. "మా అత్త గొంతుకి దారి సేత్తన్నాం."

రమణమ్మ ఒకసారి ఆకాశం కేసి చూసి వెళ్ళిపోయింది. ఇల్లు బోసిపోయింది. నేల మీద ఆ మూడే ఉన్నాయి. ముగ్గురూ నడుం మీద చెయ్యేసుకుని చూసి సంతోషించారు. అంతలో సింహాద్రికి ఓ సంగతి తట్టింది.

"అన్నియ్యా! మనం ఉన్నాం కదా?"

"ఓరి నీ తెలివి!" అన్నాడు కోటిలింగం గర్వంగా. అంతే, ముగ్గురూ బయటికొచ్చి తలుపు మూసుకున్నారు. కిటికీలోంచి తొంగి చూస్తూ నిలబడ్డారు. లాప్‌టాపు వాళ్ళకేసి చూసింది. వాళ్ళు లాప్‌టాపుకేసి చూశారు. నొక్కేవాడు లేడు, గుచ్చేవాడు లేడు, ఏం జరుగుతుంది? వీధిలో ఎండ పైడమ్మ కాళ్ళ దగ్గర్నుంచి మొహం మీదికి ఎక్కింది. ఆవిడ తిట్లు పక్క వీధి దాకా వినబడ్డాయి. చూస్తుండగానే లాప్‌టాపు కూడా కళ్ళు మూసేసింది.

వరహాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. చెమట అనుకుందామంటే కళ్ళ దగ్గరే తుడుచుకుంటోంది. కోటిలింగం అది చూశాడు. బోర్డు పోతే పోయింది, దీని మొహం నేనెలా చూడను అనుకున్నాడు. మళ్ళీ ఫోన్ చేశాడు.

"ఛార్జరు పెట్టలేదా?" అని అరిచాడు గణపతిరావు. "ఆ అడాప్టరు గుండా డ్రైవు కూడా లాప్‌టాపులోంచే కరెంటు లాగాలి కదండీ. అది చాలకే ఆగిపోతోంది. ముందు ఛార్జరు పెట్టండి!"

ఛార్జరు ఎక్కడుంది? వీధిలో. సామానంతా తిరగేశారు. ఆఖరికి బియ్యం డ్రమ్ములో దొరికింది. సరే, పెట్టారు. స్విచ్చి నొక్కబోతే సింహాద్రి చేతులు చెమటతో తడి! వరహాలమ్మ విసనకర్రతో అతని చేతులు ఆరేదాకా విసిరింది. అప్పుడు నొక్కాడు. లాప్‌టాపు కళ్ళు తెరిచింది. డ్రైవు బుర్రుమంది. ఈసారి ఆగలేదు. లాప్‌టాపులో డ్రైవు బొమ్మ టక్కున వచ్చి కూర్చుంది.

"గుర్తుపట్టేసింది!" కోటిలింగం గంతులేశాడు. "మేనత్త కొడుకంటే గుర్తుపట్టదేటి మరి!"

డిస్కు పెట్టారు. డ్రైవు దాన్ని తిప్పింది, గరగరలాడింది, నా వల్ల కాదంది. మళ్ళీ గణపతిరావే.

"పాత డిస్కు కదండీ, మరకలుంటాయి. తళతళలాడేలా తుడవండి. మెత్తటి గుడ్డ తీసుకుని..."

తళతళ అన్న మాట దగ్గరే కోటిలింగం ఫోన్ పెట్టేశాడు. తళతళ అంటే ఆ ఇంట్లో ఒకరు చెప్పాలా? వరహాలమ్మ తోమిన ఇత్తడి బిందెలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. చింతపండు తెచ్చింది, పొయ్యిలో బూడిద తెచ్చింది, కొబ్బరి పీచు తెచ్చింది. నూతి గట్టున కూర్చుని, అమ్మ గొంతు అనుకుంటూ ప్రేమగా ఇటూ అటూ బరబరా తోమింది. కడిగి, కొంగుతో తుడిచి తెచ్చింది. అప్పటికి దీపాలెట్టే వేళయింది.

డిస్కు లోపలికెళ్ళింది. మరి ఆ పూట దేవుడికి వాళ్ళని చూసి నవ్వొచ్చిందో, జాలేసిందో, బొమ్మ వచ్చేసింది.

పెళ్ళి పీట మీద చిన్న వరహాలమ్మ, తల వంచుకుని. పక్కన హారతి పళ్ళెంతో సన్యాసమ్మ, నుదుట ఇంత బొట్టు. ఆవిడ గొంతెత్తి పాడింది. కొంచెం జీర, కొంచెం తొందర, చివర్లో ఓ చిన్న సాగదీత. వరహాలమ్మ రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమె మొహంలో ఆ వెలుగు చూసి ఎన్నేళ్ళయిందో! కోటిలింగం బోర్డు మాటే మరిచిపోయి తనూ ఏడ్చాడు. సింహాద్రి ఎందుకో తెలీకుండానే ఏడ్చాడు.

పాట అయింది. సన్యాసమ్మ పళ్ళెం పక్కన పెట్టి, కూతురి మీదికి వంగి అంది: "అమ్మా వరాలూ, నాను సెప్పినదాకా పీట మీంచి లెగకు తల్లీ."

సరిగ్గా అక్కడే పడింది కొబ్బరి పీచు గీత. బొమ్మ బిగుసుకుపోయింది. సన్యాసమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

వరహాలమ్మ కళ్ళు తుడుచుకుంది. "మావా, పీట తే," అంది.

వీధిలో సామాన్ల కింద నుంచి పీట లాక్కొచ్చి వేశాడు. వరహాలమ్మ దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "అమ్మ సెప్పినదాకా లెగను. ఇన్నాళ్ళకి నోరిప్పి ఒక్క మాట సెప్పింది, కాదంతానేటి?"

న్యాయమే కదా! అందరూ సన్యాసమ్మ నోటికేసి చూస్తూ ఎదురుచూశారు. ఆవిడ లెగమనలేదు. కోటిలింగం ఫోన్ తీశాడు.

"గీతలు పడ్డాయండీ. ఇంక అక్కణ్ణుంచి ముందుకెళ్ళదు," అన్నాడు గణపతిరావు.

"మరి మా ఆడదెలగ లెగుత్తాదండీ?"

"కోటిలింగం గారూ, మీకు దణ్ణం పెడతాను. మొదట్నుంచి మళ్ళీ మళ్ళీ పెట్టుకోండి. మీరూ ఆవిడ పక్కనే కూర్చోండి. నాకు మాత్రం ఫోన్ చెయ్యకండి."

అంతే. కోటిలింగం పీట మీద పక్కనే కూర్చున్నాడు. అన్నయ్య కూర్చుంటే తను నిలబడతాడా అని సింహాద్రీ కూర్చున్నాడు. మొదట్నుంచి మళ్ళీ పెట్టారు. ఈసారైనా ఆవిడ మనసు మార్చుకుంటుందేమోనని. సన్యాసమ్మ మళ్ళీ పాడింది, మళ్ళీ లెగకు తల్లీ అంది. మళ్ళీ పెట్టారు. వరహాలమ్మ తల మొగుడి భుజం మీద వాల్చేసింది. ఆమెకి లేవాలని ఏ తొందరా లేదు.

వీధిలోంచి పైడమ్మ గావుకేక పెట్టింది. "ఒరే కోటీ! సీకటి పడిపోతోంది, దోమలు పీకేత్తన్నాయి, నన్ను లోపలెట్టండిరా!"

"కూకోవే అమ్మా!" అని లోపల్నుంచి అరిచాడు కోటిలింగం. "మా అత్త లెగమంతే వత్తాను!"