మెరుగు పెట్టిన చెవి

సోమాచారికి విసుగొచ్చింది. ఆ వెనక గదిలోకి వెళ్ళి ఇంకో పాత తుపాకీని చేతిలోకి తీసుకోవాలంటేనే ఒళ్ళు మండుతోంది.

గది నిండా అవే. ఎప్పటి సైన్యాలో వాడి వదిలేసిన బోల్టు తుపాకులు. గోడకు ఆనించినవి కొన్ని, కట్టెలమోపుల్లా గుట్ట పోసినవి కొన్ని. వాటిలోంచి మంచిదొకటి ఎంచి తెమ్మన్నాడు ఉస్తాద్ ఖుద్రతుల్లా. తెచ్చాక దాని పాత గొట్టం, పాత చెక్క తీసి అవతల పారేస్తారు. తూటాను గొట్టంలోకి తోసి మూసే బోల్టునూ, ఆ బోల్టు ఆడే ఉక్కు గూటినీ మాత్రం ఉంచుకుని, కొత్త గొట్టం బిగించి, అక్రోటు చెక్క తొడిగి వేట తుపాకీ తయారు చేస్తారు. లైసెన్సు పుచ్చుకుని వేటకెళ్ళే రోజులవి. హైదరాబాదులో ఉస్తాద్ చేతి తుపాకీ భుజాన వేసుకోవడం పెద్ద పెద్ద వాళ్ళకు కూడా గొప్పే.

ఎంచడానికేముంది, చూస్తే తెలియదా అనుకున్నాడు సోమాచారి. నదురైనది ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఉస్తాద్ బోల్టు వెనక్కి లాగాడు, ముందుకు తోశాడు, తిరిగి చేతిలో పెట్టాడు.

"ఇంకోటి సూడు."

ఇంకోటి తెచ్చాడు. దాన్నీ అలాగే లాగి, తోసి, "ఇంకోటి సూడు" అన్నాడు. వానలు మొదలైనప్పుడు మొదలైన ఈ తంతు దసరా దాటినా తెగలేదు.

ఎందుకు పనికిరాదో ఒక్కముక్క చెప్పడు. చెబితే ఆయన సొమ్మేం పోతుందో తెలియదు. గురువులందరికీ ఉన్న జబ్బే ఇది. నోట్లో ముత్యాలేవో దాచుకున్నట్టు పెదవి విప్పరు.

నిజానికి ఆ కొట్టుకు పని నేర్చుకుంటామని ఎంతమందో వచ్చేవారు. ఉస్తాద్ వాళ్ళ చేతులు చూసి, మొహం చూసి, "ఇంకో కాడ సూసుకో" అని పంపేసేవాడు. నల్లగొండ వైపు నుంచి వచ్చిన సోమాచారిని మాత్రం ఉండమన్నాడు. అది కూడా ఎందుకో చెప్పలేదు.

సోమాచారిది అవుసలిల్లు. తాతలనాటి నుంచి బంగారప్పని. పుస్తెలు చేసే చేతులతో తుపాకులేందిరా అని తండ్రి ఎంత మొత్తుకున్నా వినకుండా వచ్చేశాడు. ఈ తుపాకీ ఉస్తాద్ మెచ్చేలా పూర్తయితే గొట్టం అడుగున సోమాచారి సొంత ముద్ర పడుతుంది. ముద్ర పడితే తనకూ ఒక పేరుంటుంది. పడకపోతే తండ్రి దగ్గరికి వెళ్ళి కుంపటి ఊదుకోవాలి.

ఈ గొడవలో దౌలత్‌రావు పటేల్ ఒకడు. ఆ తుపాకీ అతనికే. ఆదిలాబాదు అడవి అంచున అతని ఊరు. అక్కడ ఒక పులి పశువులతో మొదలుపెట్టి మనుషుల రుచి మరిగింది. దాన్ని కొట్టమని సర్కారు ఉత్తర్వు అతని జేబులో ఉంది. తుపాకీ ఒక్కటే లేదు. బస్సెక్కి వచ్చినప్పుడల్లా కొట్టు ముందు బల్ల మీద కూర్చుని చాయ్ తాగి, తిట్టి పోతున్నాడు.

"ఉస్తాద్ సాబ్, పులి ఆగుతదా మీ కోసం? దానికి మీ వోడు తుపాకి ఎంచేదాంక ఉపాసముండుమని చెప్పాల్నా?"

"ఎంచుతున్నడు పటేల్ సాబ్," అనేవాడు ఉస్తాద్, ఆకురాయి పట్టిన చెయ్యి ఆపకుండా.

ఒకరోజు సోమాచారి ఇక పట్టలేకపోయాడు. తెచ్చిన తుపాకీని బల్ల మీద పెట్టి నిలబడిపోయాడు.

"ఏం జూడాల్నో చెప్పున్రి ఉస్తాద్. చెప్పకుండ ఇంకోటి ఇంకోటి అంటే నేనేం జేద్దును?"

ఉస్తాద్ బోల్టు ఊడదీశాడు. దాని కొసన రెండు వైపులా రెండు బుడిపెలుంటాయి. కొట్లో వాటిని చెవులనేవారు. తూటా పేలినప్పుడు ఆ దెబ్బ వెనక్కి, కాల్చేవాడి మొహం మీదికి రాకుండా ఆపేవి ఆ రెండు చెవులే. ఉస్తాద్ వాటిలో ఒకదాని మీద ఆకురాయి పెట్టి గట్టిగా గీశాడు. ఆకురాయి గాజు మీద జారినట్టు జారిపోయింది.

"ఏం గనపడ్డది?"

"ఏం గనపడలే. గీత పడలే."

"గదే సూడాలె. పైపొర ఒక్కటే గట్టిగుంటది. లోపల మెత్తన. పైపొర పోయిందంటే అది ఉక్కు గాదు, బెల్లం."

తర్వాత దీపం మసి వేలితో తీసి రెండు చెవులకూ పూశాడు. బోల్టు పెట్టి, మూసి, తెరిచి చూపించాడు. ఒక చెవి మీద మసి తుడుచుకుపోయింది. రెండోదాని మీద ఉన్నది ఉన్నట్టే ఉంది.

"ఒక్కటే మోస్తున్నది. రెండోది ఊకె నిలవడ్డది," అన్నాడు. తుపాకీ తిరిగి సోమాచారి చేతిలోకి వచ్చింది. "ఇంకోటి సూడు."

ఏం చూడాలో తెలిశాక పని సులువవుతుందనుకుంటాం. సోమాచారికి ఇంకా కష్టమైంది. ఇదివరకు బాగున్నాయనుకున్నవన్నీ ఇప్పుడు తన కంటికే పనికిరానివిగా తేలాయి. దేనికో ఒకదానికి తుప్పు, దేనికో పగులు, ఇంకొకదాని బోల్టు ఏ తుపాకీదో, గూడు ఏ తుపాకీదో. కూర్చుని మసి పూసి, తుడిచి, మళ్ళీ పూసి, వేళ్ళు నల్లబడిపోయాయి. అన్నం కలుపుకున్నా మసి వాసనే.

అలాంటప్పుడు గుట్ట అడుగున దొరికిందది. పాత జర్మన్ తుపాకీ. ఎవరు ఎప్పుడు దాచారో గాని నూనె గుడ్డలో చుట్టి ఉంది. ఎక్కడా మచ్చ లేదు. బోల్టు లాగితే వెన్నలో వేలు పెట్టినట్టు కదిలింది. ఆకురాయి గీస్తే జారిపోయింది. సోమాచారికి ఏడుపొచ్చినంత పనైంది. మసి పూసి, మూసి, తెరిచాడు.

ఒక చెవి మీద మసి పోయింది. రెండోదాని మీద అలాగే ఉంది.

మళ్ళీ పూశాడు. మళ్ళీ అంతే. ఆ పక్కనే నల్లగా, ఒళ్ళంతా గీతలు పడిన తుపాకీ ఇంకొకటి ఉంది. దానికి ఇంకా మసి కూడా పూయలేదు. పూయబుద్ధి కాలేదు. ఇంత అందమైనది చేతిలో ఉండగా దాని మొహం ఎవడు చూస్తాడు?

ఆ రాత్రి జర్మన్ తుపాకీని నూనె గుడ్డలోనే చుట్టి ఇంటికి తెచ్చుకుని, మర్నాడు జ్వరమని కబురు పంపి ఇంట్లో కూర్చున్నాడు. ఆకురాయి దిగని చోట సానపొడి దిగుతుంది, ఓపిక ఉండాలంతే. అవుసలింటివాడికి ఓపిక కొదవా? తండ్రి దగ్గర నేర్చుకున్న మెరుగు పనంతా ఆ మోస్తున్న చెవి మీద చూపించాడు. నూనెలో కలిపిన పొడి, వెదురుపుల్ల, మెత్తటి తోలు. రాస్తూ, మసి పెట్టి చూస్తూ, మళ్ళీ రాస్తూ, సాయంత్రానికి రెండు చెవుల మీదా మసి సమానంగా తుడుచుకుపోయేలా చేశాడు. తీసింది వెంట్రుకవాసి కంటే ఎక్కువేనని వాడికి తెలుసు. ఆ తర్వాత ఆకురాయి మాత్రం పెట్టి చూడలేదు. పెడితే ఏమవుతుందోనని.

ఉస్తాద్ దాన్ని తీసుకుని లాగాడు, తోశాడు. మసి పూసి చూశాడు. రెండు చెవులూ శుభ్రంగా ఉన్నాయి. బోల్టును వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పాడు.

"మస్తు మెరుస్తున్నది," అన్నాడు.

తర్వాత బోల్టు దించి సోమాచారి వైపు తిరిగాడు.

"మంచిదేనా?"

"మంచిదే ఉస్తాద్."

"గట్లనే కానీ."

అంతే. ఇంకోటి చూడమనలేదు. అన్నాళ్ళుగా ఎదురుచూసిన మాట అదే. విన్నాక మాత్రం వాడికి అనుకున్నంత సంతోషం కలగలేదు.

గొట్టం బిగించారు. అక్రోటు చెక్క చెక్కి, నూనె పట్టించి తొడిగారు. సోమాచారి చేసినన్ని రోజులూ తల వంచుకుని చేశాడు. తుపాకీ చూడముచ్చటగా వచ్చింది. దౌలత్‌రావు భుజానికి ఆనించుకుని చూసి, ఆరు నెలల తిట్లూ ఒక్కసారిగా వెనక్కి తీసుకున్నాడు. అచ్చం పెండ్లికూతురు లెక్క ఉందన్నాడు.

కొత్త తుపాకీని మొదటిసారి మనిషి కాల్చడు, అది కొట్టు ఆనవాయితీ. ఊరి బయట బండల క్వారీకి తీసుకెళ్ళి, పాత లారీ టైరుకు కట్టి, మామూలు కంటే ఎక్కువ మందు కూరిన తూటా పెట్టి, ట్రిగ్గర్‌కు దారం కట్టి బండ చాటు నుంచి లాగుతారు. తట్టుకుంటే తుపాకీ. తట్టుకోకపోతే దెబ్బ టైరుకే.

సోమాచారి ఆ దారం మీదే ఆశ పెట్టుకున్నాడు. ఏమైనా అయితే టైరుకే కదా. ఏమీ కాకపోతే తన భయమే తప్పని తేలుతుంది. ఒక్కసారికి తట్టుకున్నది పదోసారికి తట్టుకోకపోవచ్చనే సంగతి మనసులోకి వచ్చినప్పుడల్లా పక్కకు నెట్టేశాడు.

ముగ్గురూ టాంగా దిగి క్వారీలోకి నడిచారు. ఉస్తాద్ తుపాకీ విప్పి తూటా పెట్టాడు. ఎక్కువ మందు కూరినదే. బోల్టు మూశాడు.

"దారమేది ఉస్తాద్?"

"తేలే."

"టైరు?"

"అదీ తేలే. నువ్వు మంచిదే అన్నవ్ గద. ఇంక దారమెందుకు?"

షేర్వానీ చేతులు పైకి మడుచుకుని ఆయన బండ మీద మోకాలు ఆనించాడు. తుపాకీ మడమ భుజానికి పెట్టుకున్నాడు. తెల్లగడ్డం ఆ అక్రోటు చెక్క మీదికి వాలింది. కన్ను బోల్టుకు జానెడు దూరంలో ఉంది. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళింది.

సోమాచారి ఎప్పుడు కదిలాడో వాడికే తెలియదు. రెండు చేతులతో తుపాకీని పట్టుకుని పక్కకు లాగేశాడు.

"వద్దు ఉస్తాద్."

ఉస్తాద్ వాడి మొహంలోకి చూశాడు. ఎందుకని అడగలేదు.

"చెవి నేను అరగదీసిన," అన్నాడు సోమాచారి. "సానపొడితోని. పైపొర పోయుంటది."

దౌలత్‌రావు టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "ఇదేం కత? ఆరు నెలలు తిప్పి, నా కండ్లు వొయ్యే తుపాకి చేసిండా మీ వోడు? పులి నయముండె ఇంతకంటె. అదైతే చెప్పకుండ తింటది గని మెరుగు వెట్టి తినదు."

"ఆయనకు నువ్వే చెప్పు," అని ఉస్తాద్ లేచి బట్టలు దులుపుకున్నాడు.

సోమాచారి పటేల్ ముందు నిలబడ్డాడు. "పటేలా, తప్పు నాదే. ఇంకొకటుంది. నల్లగుంటది, ఒంటి నిండ గీతలున్నయి. చెవులు సూస్త. రెండూ మోస్తేనే పెడ్త. మెరుగు మాత్రం వెట్ట. ఈ గొట్టం, ఈ చెక్క దానికే ఎక్కిస్త. మొదటి తూటాకు నా చెంపే ఆనిస్త."

దౌలత్‌రావు వంగి టోపీ తీసుకుని, దుమ్ము దులిపి పెట్టుకున్నాడు. "దానికి గూడ ఆరు నెలలైతే నేనే పులికి ఉత్తరం రాసుకుంట," అని టాంగా వైపు నడిచాడు.

ఉస్తాద్ బోల్టు తెరిచాడు. ఎక్కువ మందు కూరిన ఆ తూటా ఎగిరి రాళ్ళ మధ్య పడింది. సోమాచారి దాన్ని ఏరి అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఉత్తుత్తి తూటా కాదు. బరువుగా, నిండుగా ఉంది.

టాంగాలో పటేల్ బండివాడి పక్కన కూర్చుని ఇంకా గొణుగుతున్నాడు. వెనక సీట్లో గురుశిష్యులిద్దరి మధ్యా ఆ తుపాకీ ఉంది. సోమాచారి ఉస్తాద్ వైపు తిరిగాడు.

"చెవి సంగతి మీకు ఆ దినమే తెలుసు గద ఉస్తాద్?"

ఉస్తాద్ తల ఊపాడు.

"తెలిసి గూడ నిజం తూటానే వెట్టిన్రు. నేను పట్టుకోకుంటే?"

"పట్టుకోకుంటే నిన్ను నేను ఎంచింది తప్పని తెలుస్తుండె, బేటా," అన్నాడు ఉస్తాద్.