సొరంగంలో ఎదురుపడ్డ వెలుగులు

అనగనగా ఒక అడవిలో ఒక రాతికొండ ఉండేది, పిల్లలూ. దానికి అటొక మిణుగురుల గుంపు, ఇటొక మిణుగురుల గుంపు కాపురం ఉండేవి. తూర్పు గుంపుకి పెద్ద తళుకమ్మ. పడమటి గుంపుకి పెద్ద చురుకన్న.

కొండ లోపల ఒక సన్నని సొరంగం ఉంది. అందులో పగలు కూడా కటిక చీకటే. అందులోంచి వెళ్లాలంటే మిణుగురులు ఒత్తుగా ఎగరాలి. పక్కవాళ్ల వెలుగులో దారి చూసుకోవాలి. విడిపోతే గోడలకు కొట్టుకోవడమే.

ఒకరోజు తళుకమ్మ గుంపు తేనె కోసం కొండ మీదుగా పడమటికి వెళ్లింది. చురుకన్న గుంపు తూర్పుకి వెళ్లింది. ఉన్నట్టుండి కుండపోత వాన మొదలైంది. రెక్కలు రాని పిల్లలేమో ఇంటి దగ్గర గడ్డిలో ఉన్నారు! వానలో పెద్దవాళ్లు కూడా కొండ మీదుగా ఎగరలేరు. అందుకని ఇల్లు చేరాలని ఇటు నుంచి వీళ్లు, అటు నుంచి వాళ్లు సొరంగంలో దూరారు. నడిమధ్యలో ఎదురుపడ్డారు.

"తప్పుకోండి!" అన్నాడు చురుకన్న.

"మీరే వెనక్కి వెళ్లండి!" అంది తళుకమ్మ.

పైన వేలాడుతున్న ముసలి గబ్బిలం కళ్లు తెరిచింది. "ఇంత ఇరుకులో రెండు గుంపులు ఎలా పడతాయి? బలమున్నవాళ్లు నెట్టుకుపోండి," అంది.

నెట్టుకున్నారు. వరసలు చెదిరాయి. వెలుగు పలచబడింది. "అమ్మా!" అంటూ ఎవరో గోడకు తగిలి ఏడ్చారు. మళ్లీ నెట్టుకున్నారు. మళ్లీ చెదిరారు. మూడోసారి చురుకన్న దూసుకొస్తుంటే, తళుకమ్మకు అతని ముఖం దగ్గరగా కనబడింది. ఆ కళ్లలో కోపం లేదు. భయం ఉంది.

"అన్నా, ఎందుకంత తొందర?" అని అడిగింది.

"మా పిల్లలు గడ్డిలో ఉన్నారు చెల్లెమ్మా. నీళ్లొచ్చేస్తాయి." అన్నాడు చురుకన్న.

"మా పిల్లలూ గడ్డిలోనే ఉన్నారన్నా!"

ఇద్దరూ నెట్టడం ఆపారు.

"ఎవరూ ఆగొద్దు, ఎవరూ నెట్టొద్దు," అంది తళుకమ్మ. "మేం వెలిగినప్పుడు మీరు ఆరండి. మీరు వెలిగినప్పుడు మేం ఆరుతాం. మీ సందుల్లోంచి మేం, మా సందుల్లోంచి మీరు వెళ్లిపోదాం."

"మా వాళ్లు మీలో కలిసిపోతే?"

"పోరన్నా. తనతో పాటు వెలిగే పక్కవాణ్ని చూస్తూ ఎగిరితే చాలు."

రెండు గుంపులూ ఒకదానిలోకి ఒకటి వెళ్లాయి. వెలుగులు మారిమారి వెలుగుతుంటే ఒక్క క్షణం సొరంగం నిండా ఒకటే వెలుగు ముద్దలా కనబడింది.

"అయ్యో, ఒకరినొకరు మింగేశారు!" అని అరిచింది గబ్బిలం.

లేదు. అటొక గుంపు, ఇటొక గుంపు బయటపడ్డాయి. అదే ఒత్తు, అదే వెలుగు. ఒక్కరూ తప్పిపోలేదు. దాటిన ఊపుకి మామూలుకన్నా ఒక జానెడు ముందుకు దూసుకొచ్చారు, అంతే.

తళుకమ్మ గుంపు తమ పిల్లలందరినీ గడ్డి కొసలకు ఎక్కించింది. చురుకన్న వాళ్లది పల్లపు నేల. వాళ్లు వెళ్లేసరికే నీళ్లు చేరాయి. చాలామందిని పైకి ఎక్కించారు. ఇద్దరు పిల్లలు మాత్రం దొరకలేదు.

వాన వెలిశాక తళుకమ్మ తన వాళ్లను వెంటబెట్టుకుని పడమటికి వచ్చి చురుకన్న పక్కన కూర్చుంది.

"నేను మొదటే అడగాల్సింది అన్నా," అంది.

"నేనూ చెప్పాల్సింది చెల్లెమ్మా," అన్నాడు చురుకన్న.

తూర్పు గుంపులో సగం మంది ఆ రోజు ఇంటికి వెళ్లలేదు. ఆ ఇద్దరు పిల్లల కోసం పడమటి నీళ్ల మీద వెతుకుతూనే ఉన్నారు.

నీతి: ఎదురొచ్చినవాళ్లను నెట్టే ముందు వాళ్ల తొందరేమిటో అడగాలి, మన తీరు మనం వదలకుండానే ఎదుటివాళ్లకు దారి ఇవ్వవచ్చు.