తిరుపాలయ్య చుట్టిన లావు తీగ

అనగనగా అంటే మరీ పాతకాలం కాదు, ఇంటింటికీ కరెంటు వచ్చాక జరిగిన మాట.

పెన్న ఒడ్డున ఒక ఊళ్లో తిరుపాలయ్య అనే చీరల వ్యాపారి ఉండేవాడు. మంచివాడే. కానీ ఎవరైనా అడ్డు చెబితే గిట్టేది కాదు.

ఆ ఇంటి వసారా గోడకు మీటరు, దాని పక్కన మెయిన్ స్విచ్, ఫ్యూజు ఉండేవి. ఫ్యూజులో ఒక సన్నని తీగ. ఇంట్లోకి వచ్చే కరెంటంతా దాని మీదుగానే రావాలి. మోయలేని భారం పడితే, ఆ తీగ తాను తెగి కరెంటును గుమ్మంలోనే ఆపేసేది.

వేసవి రాగానే తిరుపాలయ్య నీళ్ల మోటారు కొన్నాడు. ఫ్యూజు పోయింది. వైర్‌మ్యాన్ మస్తానయ్య వచ్చి తీగ వేసి, "ఇంట్లో వైర్లు పాతవయ్యా, ఇక బరువు పెంచకండి" అన్నాడు.

తిరుపాలయ్య గ్రైండరు కొన్నాడు. ఫ్యూజు మళ్లీ పోయింది. "వైర్లు మార్చి, లోడు పెంచమని కరెంటాఫీసులో అర్జీ పెడదాం. రెండు వారాలు ఓపిక పట్టండి" అన్నాడు మస్తానయ్య.

ఓపిక ఎక్కడిది? కాలు విరిగి మంచాన పడిన తల్లి కోసం తిరుపాలయ్య ఏసీ తెచ్చాడు. మూడోసారీ ఫ్యూజు పోయింది.

"అమ్మ ఉడికిపోతోంది, మస్తానయ్యా! లావు తీగ చుట్టు. ఇక తెగనే కూడదు."

"అది తెగకపోతే గోడలో వైరు కాలుతుందయ్యా. ఆ పని నా చేత్తో చేయను."

"అయితే పో! చుట్టడం నాకు రాదా?"

మస్తానయ్య వెళ్తూ వెళ్తూ తిరుపాలయ్య భార్య అలివేలుతో, "కాలిన వాసన వస్తే నీళ్లు పోయకండమ్మా, ముందు మెయిన్ ఆపండి" అని చెప్పిపోయాడు.

తిరుపాలయ్య లావు తీగ చుట్టాడు. మోటారు, గ్రైండరు, ఏసీ అన్నీ ఒక్కసారే తిరిగాయి. మూడు రోజులు మీసం మెలేశాడు.

నాలుగోరోజు మధ్యాహ్నం తల్లి గదిలో గోడ పొగ కక్కింది. అక్కడే దాచిన చీరల మూటలు అంటుకున్నాయి. తిరుపాలయ్య నీళ్ల బిందె ఎత్తాడు.

"ఆగండి!" అంటూ అలివేలు పరుగెత్తి మెయిన్ ఆపింది. ఇద్దరూ తల్లిని మంచంతో సహా బయటికి మోసుకొచ్చారు. ఇరుగుపొరుగు ఇసుక పోసి మంట ఆర్పారు. సరుకు బూడిదైంది, తల్లి ప్రాణం దక్కింది.

సాయంత్రం తిరుపాలయ్య మస్తానయ్య ఇంటికి నడిచి వెళ్లాడు.

"ఆ తీగ నన్ను మూడుసార్లు విసిగించిందనుకున్నాను" అన్నాడు.

"విసిగించలేదయ్యా. మూడుసార్లు మీ ఇల్లు కాపాడింది."

కొత్త వైర్లు వేసి, లోడు పెంచేదాకా తిరుపాలయ్య రోజూ తల్లి పక్కన కూర్చుని విసనకర్రతో విసిరాడు.

అడ్డుపడేదల్లా శత్రువు కాదు. హద్దు దాటకుండా ఆపేదే ఆపదలో కాచేది.